సలామీ శస్త్ర్ కుదరాలంటే ముందు ఆగడం నేర్పండి

ప్రశ్న క్లుప్తంగా: డిగ్రీ కాలేజీ ఎన్‌సీసీలో సీనియర్ అండర్ ఆఫీసర్‌ని. ఆగస్టు 15 జెండా వందనానికి 24 మంది క్యాడెట్లతో రైఫిల్ గార్డ్ నిలబెట్టాలి. 20 రోజులే ఉన్నాయి. ప్రస్తుతానికి 12 డీపీ (డ్రిల్‌కి మాత్రమే వాడే) రైఫిళ్లు వచ్చాయి, అన్నీ .303లే. కంధే శస్త్ర్‌లో (రైఫిల్‌ని ఎడమ భుజం మీద పెట్టుకోవడం) ఎడమ చేతులు తలా ఒక ఎత్తులో ఉంటున్నాయి. సలామీ శస్త్ర్ (రైఫిల్‌తో వందనం) ఒక్కసారిగా పడటం లేదు. బట్ (రైఫిల్ వెనక చివరి చెక్క) గట్టిగా కొట్టండి అని చెప్తున్నాను, శబ్దం పెరిగింది గానీ ఒక్కటిగా రావడం లేదు. ఎలా నేర్పాలి?

జవాబు:

అమ్మా, బట్ గట్టిగా కొట్టమనడం ఇవాళే ఆపేయండి. మిగతాదంతా తర్వాత చెప్తాను.

నేను పదాతి దళంలో పనిచేశాను. అందులో రెండు దఫాలు ఎన్‌సీసీ బెటాలియన్లలో ఉస్తాద్‌గా, అంటే డ్రిల్ నేర్పేవాడిగా ఉన్నాను. మొదటి దఫాలో నేనూ మీలాగే శబ్దం అడిగాను. ఒక కాలేజీలో పది రోజుల పాటు "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అని పిల్లల్ని తోమాను. చివరికి ఒక రైఫిల్ బట్ చెక్క చీలింది. కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, దానికి నేనే సంజాయిషీ ఇచ్చుకున్నాను. అంత చేసినా పరేడ్ రోజు టపటపమని వడగళ్లు పడ్డట్టే వినిపించింది. కారణం మా సుబేదార్ సాబ్ చెప్పారు. శబ్దం మీద మనసు పెట్టిన క్యాడెట్ పక్కవాడి శబ్దం కోసం చెవి పెడతాడు. అది విన్నాక తను కొడతాడు. అంటే ప్రతివాడూ పక్కవాడి కన్నా కాస్త ఆలస్యమే. గట్టిగా కొట్టమన్న కొద్దీ చేతిని వెనక్కి ఎక్కువ లాగుతారు, ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

24 మంది ఒక్కటిగా కదలాలంటే 24 మంది ఒక్కటిగా ఆగాలి. డ్రిల్‌లో నేర్పాల్సింది ముందు అదే. రెండు కదలికల మధ్య ఉన్న ఖాళీని లెక్కపెట్టుకోవడం వచ్చిన స్క్వాడ్‌కి శబ్దం దానంతట అదే ఒక్కటిగా వస్తుంది.

ఆ ఖాళీ ఎంతో మీ పిల్లలకు ఇప్పటికే తెలుసు. తేజ్ చల్‌లో (వేగంగా నడిచే కవాతు) నిమిషానికి 120 కదమ్‌లు (అడుగులు), అంటే ఒక్కో కదమ్‌కి అర సెకను. రైఫిల్ కదలికలకూ అదే కొలత. "ఏక్" మీద చెయ్యి కదులుతుంది. "దో, తీన్" మీద రాయిలా ఉండాలి. మళ్లీ "ఏక్" మీద తర్వాతి కదలిక. కంధే శస్త్ర్ మొత్తం "ఏక్, దో తీన్, ఏక్, దో తీన్, ఏక్". ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ 120 మీద పెట్టి బల్ల మీద ఉంచండి. మూడు టిక్కులకు ఒక కదలిక. మీ స్క్వాడ్‌లో కోలాటం ఆడిన అమ్మాయిలు ఉంటే వాళ్లకు ఒక్క మాటలో అర్థమవుతుంది. కోలాటంలో కర్ర కర్రను వెతుక్కోదు, రెండు కర్రలూ తాళం దగ్గర కలుస్తాయి. ఇక్కడా అంతే. పక్క రైఫిల్ కోసం చూడకూడదు, తాళం దగ్గరికి వెళ్లాలి.

మొదటి మూడు రోజులు రైఫిల్ ముట్టుకోనివ్వకండి. పిల్లలు నిరాశ పడతారు, ఫర్వాలేదు. ఒట్టి చేతులతో సావధాన్, విశ్రామ్ మళ్లీ సరిచేయండి. సావధాన్‌లో పాదాల మధ్య 30 డిగ్రీలు, విశ్రామ్‌లో 12 అంగుళాలు. ఇది తప్పుగా ఉన్న క్యాడెట్ చేతికి నాలుగు కిలోల రైఫిల్ ఇస్తే నడుము వంకర తిరుగుతుంది. ఆ వంకరని మీరు చేతుల తప్పు అనుకుని చేతుల్ని దిద్దుతూ కూర్చుంటారు. తర్వాత ఒట్టి చేతులతోనే మూడు కదలికలూ, గొంతెత్తి లెక్కపెడుతూ. రెండో రోజు లెక్క గుసగుసగా. మూడో రోజు మనసులో. మనసులోకి వెళ్లగానే తొందర మొదలవుతుంది, ముఖ్యంగా రెండో కదలికకీ మూడో కదలికకీ మధ్య. అక్కడ మళ్లీ గొంతులోకి తీసుకురండి.

కమాండ్ మాటల అర్థం తెలుగులో చెప్పండి. కంధే అంటే భుజం, బాజూ అంటే పక్క, సలామీ అంటే వందనం. శస్త్రం మన మాటే. దసరాకి పూజలో పెట్టేది దాన్నే. ఇవన్నీ పిల్లలకు తెలిసే ఉంటాయిలే అనుకుంటాం. ఒక క్యాంపులో సెకండియర్ క్యాడెట్‌ని బాజూ అంటే ఏమిటని అడిగితే "ఆపమని" అన్నాడు. రెండేళ్లుగా కదలికను శబ్దంతో గుర్తుపెట్టుకున్నాడు తప్ప మాటతో కాదు. అలాంటివాడు పరేడ్ రోజు మైకు గోలలో సగం మాటే వినపడితే తడబడతాడు.

నాలుగో రోజు రైఫిళ్లు. డీపీ అంటే డ్రిల్ కోసం పక్కన పెట్టినవి, కాల్చడానికి కాదు. అయినా కోత్ నుంచి తీసుకున్న ప్రతిసారీ, తిరిగి ఇచ్చే ప్రతిసారీ లెక్క చూసి, బోల్ట్ తెరిచి ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి తెలుసుకోవాలి. ఇది మీ ఏఎన్ఓ (కాలేజీ ఎన్‌సీసీ అధికారి) గారి ముందు, బెటాలియన్ ఉస్తాద్ ముందు జరగాలి. ఎవరి వైపూ మజల్ (రైఫిల్ గొట్టం కొన) తిప్పకూడదు, సరదాకి కూడా. విరామంలో గోడకి ఆనించి వెళ్లిపోకూడదు, భూమి శస్త్ర్ చేయించి (రైఫిళ్లు నేల మీద పెట్టించి) ఒక క్యాడెట్‌ని కాపలా పెట్టండి. రీల్స్ కోసం రైఫిల్ పట్టుకుని ఫొటోలు అసలే వద్దు. చూసేవాళ్లకి అది డీపీదో మామూలుదో తెలియదు. ఈ విషయంలో మెతకగా ఉండకండి.

ఇక కంధే శస్త్ర్. మాకు డ్రిల్ కోర్సులో నేర్పిన పాఠం వరస ఇది: ఈ కదలిక ఎందుకు అవసరమో చెప్పడం, మాట లేకుండా పూర్తి నమూనా చూపించడం, తర్వాత ముక్కలుగా బయాన్ (వివరణ), ఆ తర్వాతే అభ్యాసం. నమూనా చూపిస్తూ మాట్లాడకండి. కన్ను, చెవి రెండూ ఒకేసారి పనిచేస్తే రెండూ సగమే పట్టుకుంటాయి. నమూనా మూడు వైపుల నుంచి చూపించండి, ముందు నుంచి, ఎడమ నుంచి, వెనక నుంచి. వెనక నుంచి చూపించడం చాలామంది మర్చిపోతారు. రైఫిల్ భుజం మీద ఏ వాలులో పడుకుందో అక్కడి నుంచే తెలుస్తుంది.

"గిన్‌తీ సే కంధే శస్త్ర్, ఏక్" (గిన్‌తీ అంటే లెక్క; ఇక్కడ ఏక్, దో, తీన్ మూడు కదలికల వరస సంఖ్యలు, పైన చెప్పిన తాళం లెక్క కాదు) అన్నప్పుడు కుడి చెయ్యి రైఫిల్‌ని కుడి పక్కనే నిటారుగా పైకి ఎగరేస్తుంది. ఎడమ చెయ్యి శరీరం ముందు నుంచి వచ్చి బ్యాక్‌సైట్ (గురి చూసే వెనక భాగం) దగ్గర పట్టుకుంటుంది. కుడి చెయ్యి బట్ మెడ (బట్ సన్నబడే చోటు) దగ్గరికి జారుతుంది, మోచెయ్యి వెనక్కి. ఇక్కడ వచ్చే తప్పు ఒకటే: కళ్లు రైఫిల్ వెంట పోతాయి, వాటి వెంట తల వంగుతుంది. ఎదురుగా చెట్టు మీదో గోడ మీదో ఒక గుర్తు చూపించి, ఆ గుర్తు కంటి ముందు నుంచి కదలకూడదని చెప్పండి. "తల వంచకు" అనడం కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

"దో" మీద రైఫిల్ ఛాతీ ముందుగా దాటి ఎడమ భుజం మీద పడుకుంటుంది, మ్యాగజైన్ బయటి వైపు. ఎడమ అరచెయ్యి బట్‌ని అందుకుంటుంది. మీ సమస్య అంతా ఇక్కడుంది. ఎడమ చేతులు తలా ఒక ఎత్తులో ఎందుకు ఉంటాయంటే, పిల్లలు మోచేతితో కాకుండా అరచేతితో ఎత్తు సరిచూసుకుంటారు. పై చెయ్యి పక్కకి అతుక్కుని ఉండి, మోచేతి నుంచి ముంజేయి నేలకి సమాంతరంగా ఉంటే బట్ ఎత్తు దానంతట అదే కుదురుతుంది. బట్ మడమ ఎడమ తొడ మధ్య గీతకి ఎదురుగా రావాలి. మోచెయ్యి పక్కటెముకల నుంచి విడిపోయిందంటే ముంజేయి వాలుతుంది, రైఫిల్ భుజం మీద నుంచి వెనక్కి జారుతుంది, దాన్ని ఆపడానికి తల కుడివైపు వంగుతుంది. ఒక తప్పు నుంచి మూడు. తలని దిద్దకండి, మోచేతిని దిద్దండి.

దీనికి నేను వాడిన ఉపాయం చెప్తాను. చేతి రుమాలు మడిచి ఎడమ చంకలో పెట్టించండి. ఐదు నిమిషాలు కంధే శస్త్ర్‌లో నిలబడి తేజ్ చల్ చేసినా రుమాలు పడకూడదు. రెండు రోజుల్లో మోచెయ్యి దారిలోకి వస్తుంది. ఇంకొకటి, రెండు స్తంభాల మధ్య నవారు తాడు కట్టి, ముందు వరస ముంజేతుల ఎత్తుకి సరిచేసి, తాడు వెనక నిలబెట్టండి. ఎవరిది పైన, ఎవరిది కింద అన్నది మీరు అరవక్కర్లేదు, వాళ్లకే కనిపిస్తుంది. అందరి ఎత్తూ ఒకటి కాదు కాబట్టి తాడు సరళరేఖలా ఉండదు. కదవార్ (ఎత్తు ప్రకారం నిలబెట్టడం) సరిగ్గా చేస్తే పొడుగువాళ్లు రెండు చివరలా, పొట్టివాళ్లు మధ్యలో ఉంటారు. తాడు మధ్యలో కొంచెం కిందకి వంగినట్టు ఉంటుంది. ఆ వంపు నున్నగా ఉంటే చాలు. ఎగుడుదిగుడుగా ఉందంటే కదవార్ మళ్లీ చేయాలి.

"తీన్" మీద కుడి చెయ్యి దగ్గరి దారిలో పక్కకి తెగి పడాలి. చూడటానికి సులువైనది. కానీ అయిపోయిందన్న నిశ్చింతతో ఎడమ భుజం ఒక అంగుళం దిగిపోయేది ఇక్కడే. మూడో కదలిక తర్వాత కూడా "దో తీన్" అని లెక్కపెట్టించండి. చివరి ఖాళీ కూడా కదలికలో భాగమేనని వాళ్లకు తెలియాలి.

12 రైఫిళ్లకి 24 మంది అని దిగులు పడకండి, నాకైతే అదే నయం. జోడీలు కట్టండి. ఒకరు చేస్తారు, ఇంకొకరు ఎదురుగా నిలబడి చూస్తారు. చూసేవాళ్లకి ఒకసారికి ఒక్కటే పని ఇవ్వండి: ఈసారి మోచెయ్యి మాత్రమే, వచ్చేసారి కళ్లు మాత్రమే. పది సార్లకి మార్పిడి. పక్కవారి తప్పు చెప్పిన క్యాడెట్ తన వంతు వచ్చినప్పుడు ఆ తప్పు చేయడు. పైగా పది సార్లు చేసి పది సార్లు విశ్రాంతి తీసుకున్న చెయ్యి, ఇరవై సార్లు వరసగా చేసిన చేతికన్నా బాగా నేర్చుకుంటుంది. అలిసిపోయిన చెయ్యి తప్పునే అలవాటు చేసుకుంటుంది. అందుకే తప్పు చేసినవాళ్లని రైఫిల్ తల మీద పెట్టి పరుగెత్తించే శిక్ష మీ స్క్వాడ్‌లో వద్దు. ఒకచోట అలా చేయిస్తే ఒక అమ్మాయి మణికట్టు బెణికి పరేడ్‌కే దూరమైంది. ఆ అమ్మాయి ఆ స్క్వాడ్‌లో అందరికన్నా బాగా చేసేది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ గిన్‌తీ పద్ధతి పిల్లలకు విసుగు పుట్టిస్తే దాని పుట్టుక చెప్పండి. 1600 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో సేనాని నాసౌ మోరిస్ సైన్యం తుపాకీ మందు కూరి పేల్చే పనిని 40కి పైగా భంగిమలుగా విడగొట్టింది. వెలుగుతున్న వత్తి ఒక చేతిలో, తుపాకీ మందు ఇంకో చేతిలో. పక్కవాడు ఒక క్షణం ముందో వెనకో కదిలితే అంటుకునేది మనకే. అందుకని అందరూ ఒకే లెక్కలో కదలడం నేర్చుకున్నారు. మనం ఇప్పుడు గౌరవం కోసం చేసే కదలికల లెక్క అలాంటి సైన్యాల నుంచే వచ్చింది. నేను ఈ మాట చెప్పినప్పుడల్లా వెనక వరసలో గుసగుసలు ఆగిపోయేవి.

సలామీ శస్త్ర్‌కి ఏడో రోజు కన్నా ముందు వెళ్లకండి. కంధే శస్త్ర్ కుదరని స్క్వాడ్‌కి ఇది ఎన్నటికీ కుదరదు, ఎందుకంటే అక్కడి నుంచే మొదలవుతుంది. "ఏక్" మీద కుడి చెయ్యి వచ్చి బట్ మెడని పట్టుకుంటుంది, అంతే. రైఫిల్ వెంట్రుకవాసి కూడా కదలకూడదు. చాలామంది పట్టుకోవడంతోనే ఎత్తడం మొదలుపెడతారు. మీకు ఒక్కసారిగా పడటం లేదంటే నా అనుమానం ఇక్కడే. మొదటి కదలికలోనే కొందరు సగం దూరం వెళ్లిపోయి ఉంటారు. ఒక రోజంతా ఈ ఒక్క "ఏక్" చేయించినా తప్పులేదు.

"దో" మీద రైఫిల్ శరీరం మధ్య గీతకి ఎదురుగా నిటారుగా లేస్తుంది. ఎడమ చెయ్యి చెక్క మీదికి వస్తుంది. మణికట్టు మ్యాగజైన్ మీద, వేళ్లు కలిసి పైకి, బొటనవేలి కొన నోటికి సమంగా. ఎడమ మోచెయ్యి బట్‌కి దగ్గరగా. నిటారు అన్నది క్యాడెట్‌కి లోపలి నుంచి తెలియదు. తాపీ మేస్త్రి గోడ నిలువు చూసే గుండు దారం ఒకటి తెచ్చి, జోడీలో చూసేవాళ్లు ఎదురుగా పట్టుకుని సరిచూడాలి. దాదాపు అందరి రైఫిలూ మొదట ఎడమ భుజం వైపు వాలుతుంది. కుడి మోచెయ్యి శరీరానికి దగ్గరగా లేకపోవడమే కారణం.

"తీన్" మీద రెండు పనులు ఒకేసారి. రైఫిల్ నిటారుగానే కిందకి దిగుతుంది, కుడి చెయ్యి పూర్తిగా చాపుకునేంత వరకు, మ్యాగజైన్ ముందుకి. ఎడమ చెయ్యి బ్యాక్‌సైట్ వెనక చురుగ్గా అందుకుంటుంది. అదే క్షణంలో కుడి పాదం వెనక్కి వెళ్లి, దాని లోపలి వంపు ఎడమ మడమకి తగులుతుంది. మోకాళ్లు రెండూ నిటారుగా. చెయ్యి ముందు, కాలు వెనక అయితే "ట-ప్" అని రెండు ముక్కలుగా వినిపిస్తుంది. విడదీసి నేర్పండి: ఒక పూట చేతులు మాత్రమే, ఒక పూట నడుము మీద చేతులు పెట్టుకుని కాలు మాత్రమే, మూడో పూట రెండూ కలిపి, మెట్రోనోమ్ మీద. కాలు వెనక్కి పెడుతూ బరువంతా దాని మీద వేసి వెనక్కి ఒరగడం ఇంకో తప్పు. గోడకి బెత్తెడు దూరంలో వీపు పెట్టి చేయిస్తే, ఒరిగినవాళ్లకి గోడే చెప్తుంది.

తర్వాత అసలు పరీక్ష. జాతీయ గీతం పూర్తి పాఠం సుమారు 52 సెకన్లు. అంతసేపూ సలామీ శస్త్ర్‌లో కదలకుండా ఉండాలి. బరువు మోసేది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి తేలిగ్గా పట్టుకుంటుంది అంతే. రెండు చేతులతోనూ బిగించి పట్టినవాళ్లకి 30 సెకన్లకే మజల్ వణుకుతుంది. మొదటి రోజు 20 సెకన్లు, రోజూ పది పెంచుకుంటూ 80 దాకా తీసుకెళ్లండి. 80 నిలబడిన చేతికి 52 సులువు. చివరి వారం గీతం నిజంగా పాడించండి లేదా మైకులో పెట్టండి. గీతం వినగానే పిల్లల గుండె వేగం మారుతుంది, ఆ టెన్షన్‌లోనూ లెక్క తప్పకుండా ఉండటం అలవాటు కావాలి. "జయహే" అయిపోగానే చేతులు వాటంతట అవే దిగబోతాయి. మీ కమాండ్ వచ్చేదాకా దిగకూడదు. దీన్ని విడిగా అభ్యాసం చేయించండి, కావాలనే కమాండ్ నాలుగైదు సెకన్లు ఆలస్యం చేస్తూ.

బాజూ శస్త్ర్ గురించి ఎక్కువ చెప్పను. రైఫిల్ భుజం దిగుతుంది, కుడి పక్కకి వస్తుంది, బట్ నేలకి అంగుళం పైన ఆగుతుంది. ఆ ఆగడం కనిపించాలి. మూడో లెక్క మీద నెమ్మదిగా నేల మీద పెట్టి ఎడమ చెయ్యి పక్కకి. బట్ కొన కుడి బూటు కొనకి సమంగా. నెమ్మదిగా అంటే నిజంగానే నెమ్మదిగా.

ఇక మీ గొంతు. స్క్వాడ్ ఒక్కటిగా కదలకపోవడంలో సగం పాలు కమాండ్ ఇచ్చేవాళ్లదే. "సలామీ" అన్నది సాగదీసి చెప్పే హెచ్చరిక, "శస్త్ర్" అన్నది తెగ్గొట్టే మాట. రెండింటి మధ్య ఖాళీ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఒకసారి ఒక సెకను, ఇంకోసారి మూడు సెకన్లు ఇస్తే తెలివైన క్యాడెట్లు ముందే కదులుతారు, జాగ్రత్తపరులు ఆలస్యంగా కదులుతారు. మనసులో రెండు కదమ్‌లు లెక్కపెట్టుకుని "శస్త్ర్" అనండి. గొంతు చించుకోకండి, పొట్టలోంచి ఊపిరి తీసి చెప్పండి. మైదానం చివర ఒకరిని నిలబెట్టి వినిపించిందో లేదో అడగండి. పొద్దున్నే స్క్వాడ్ రాకముందు ఒంటరిగా పావుగంట అభ్యాసం చేస్తే వారంలో తేడా మీకే తెలుస్తుంది.

తిండి సంగతి మర్చిపోవద్దు. ఆగస్టులో తరచూ శ్రావణమాసం ఉంటుంది. శుక్రవారాలు ఉపవాసం ఉండే అమ్మాయిలు, శనివారాలు ఉండే అబ్బాయిలు మీ స్క్వాడ్‌లో కచ్చితంగా ఉంటారు. అందరి ముందు అడిగితే చెప్పరు, విడిగా అడగండి. ఆ రోజు వాళ్లని జోడీలో చూసే పనికే పెట్టండి. పరేడ్ రోజు మాత్రం ఏదో ఒకటి తిని, నీళ్లు తాగి రావాలి. కదలకుండా ఎక్కువసేపు నిలబడితే రక్తం కాళ్లలో నిలుస్తుంది, అందుకే కళ్లు తిరుగుతాయి. బూటు లోపల కాలివేళ్లు ముడుస్తూ చాపుతూ ఉండమనండి, బయటికి కనిపించదు. నిజంగా కళ్లు తిరుగుతుంటే రైఫిల్ ఆసరాగా ఒక మోకాలి మీద కూర్చోవాలి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పక్కవాళ్లు కదలకూడదు, వెనక ఉంచిన ఇద్దరు అదనపు క్యాడెట్లు చూసుకుంటారు. ఆ ఇద్దర్నీ ఇప్పుడే ఎంచుకుని అందరితో సమానంగా నేర్పండి.

రైఫిల్ చేతిలోంచి జారితే ఏం చేయాలో కూడా ముందే చెప్పండి, చెప్పకపోతే ఆ భయంతోనే జారుతుంది. ఉన్నచోటే వంగి తీసుకుని, తర్వాతి కమాండ్‌లో కలిసిపోవాలి. మన పిల్లలు కింద పడ్డ పుస్తకానికి చేసినట్టు రైఫిల్‌ని కళ్లకద్దుకుంటారు. అభ్యాసంలో నేనెప్పుడూ వద్దనలేదు. పరేడ్‌లో మాత్రం ఆ టైం ఉండదు.

13వ తేదీ తర్వాత కొత్తగా ఏమీ దిద్దకండి. 14న ఒకే ఒక్క పూర్తి రిహార్సల్, అదే మైదానంలో, అదే టైముకి, అవే బూట్లతో. వాన పడితే తడి నేల మీద కాలు ఎలా జారుతుందో కూడా తెలుస్తుంది. సాయంత్రం స్లింగులు (రైఫిల్ పట్టీలు) బిగించి, బట్లకి అంటిన మట్టి తుడిపించి, లెక్క చూసి కోత్‌లో పెట్టించండి.

పదో రోజు ఒక వీడియో తీసి ఇక్కడ పెట్టండి. రైఫిళ్లు కనిపిస్తాయి కాబట్టి ముందు మీ ఏఎన్ఓ గారి అనుమతి తీసుకోండి, పిల్లల ముఖాలు కనపడకుండా చూడండి. ఎదురు నుంచి వద్దు, వరస చివర నిలబడి భుజం ఎత్తులో ఫోన్ పట్టుకుని తీయండి. ముంజేతుల వరస, సలామీలో "ఏక్" రెండూ అక్కడి నుంచే కనిపిస్తాయి. చూసి ఎవరికి ఏం దిద్దాలో వరసగా రాస్తాను.